థియోడొలైట్ వచ్చిన సందు

మా మనవరాలికి ఇంగ్లీషు మాటల పుట్టుక వెతకడం ఒక పిచ్చి. అన్నం తింటూ కూడా ఫోనులో అదే పని. మొన్న పప్పు కలుపుకుంటూ, "అమ్మమ్మా, థియోడొలైట్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదట" అంది. గ్రీకు మాటని కొందరు, అరబ్బీ మాటని కొందరు వాదించుకున్నారట. కొన్ని వందల ఏళ్ళ కింద ఒక ఇంగ్లీషాయన దాన్ని తన పుస్తకంలో రాసి, ఎక్కడ దొరికిందో చెప్పకుండానే పోయాడట. అప్పటి నుంచీ పండితులు తలలు పట్టుకుంటున్నారట. అంతా చెప్పాక, "భూమి కొలిచే యంత్రంలే, నీకు తెలీదు" అని ముగించింది.

నాకు తెలియదట. మజ్జిగ గ్లాసు అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయాను. పిల్ల బెదిరిపోయి, నేనేమన్నానని వాళ్ళమ్మను అడుగుతోంది. దాని తప్పేం లేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకూ తెలియదు. మా సందులోకి వచ్చి ఏం చేసి పోయిందో మాత్రం తెలుసు. అది చూసినవాళ్ళలో ఇప్పుడు నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

హైదరాబాదు పాతబస్తీలో, గౌలిపురాలో మా సందును కళ్ళు మూసుకుని కూడా కనుక్కోవచ్చు. పేడ, పచ్చగడ్డి, నానబెట్టిన పల్లిచెక్క, పొయ్యి మీద పొంగి మాడిన పాలు, అన్నీ కలిసిన వాసన సందు మొదట్లోనే ఎదురొచ్చేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకది వాసనే కాదు. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల, నా జడలో బర్రె వాసన వస్తోందని టీచరుతో చెప్పింది. పాపం ఆ పిల్ల జడలో ఏ వాసనా లేదేమిటని నాకు జాలేసింది.

మా ఇల్లంటే వెనక రెండు గదులు, సందు వైపు కొట్టం. నిజానికి కొట్టమే ఇల్లు, మేం దానికి ఆనుకుని బతికేవాళ్ళం. తెల్లవారుతూనే బాపు పాలు పిండే చప్పుడుకు మెలకువ వచ్చేది. ఖాళీ బకెట్లో ధార పడితే ఒక చప్పుడు, సగం నిండాక ఇంకో చప్పుడు. పక్కమీద నుంచే ఆ రోజు పాలు ఎక్కువో తక్కువో చెప్పగలిగేదాన్ని. బాపు క్యాన్లు సైకిలుకు కట్టుకుని ఇరానీ హోటళ్ళకూ ఇళ్ళకూ పోసి వచ్చేవాడు. నాయనమ్మ గోడకు పిడకలు కొడుతూ, సందులో పోయే ప్రతి మనిషినీ ఆపి ఎక్కడికని అడిగేది. చెప్పకుండా పోయినవాడికి ఆ రోజంతా తిట్లే. మేం పిల్లలం బర్రెలకు నానబెట్టిన పల్లిచెక్కలోంచి ముక్కలు దొంగిలించి, బెల్లంతో నంజుకు తినేవాళ్ళం. పట్టుబడితే, బర్రె నోటికాడిది తింటారా అని నాయనమ్మ చీపురు తీసేది.

సందు అవతల, సరిగ్గా మా కొట్టానికి ఎదురుగా, సందంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమె ఇల్లు. ఇల్లు కూడా కాదు, ఒకటే గది. దానికి తలుపుంది గానీ పగలు ఎప్పుడూ మూయదు, గోనెపట్టా పరదా వేలాడుతుండేది. ఖాలా భర్త పోయాక ఆ పరదా వెనక మిషను పెట్టుకుని కుర్తాలు, లంగాలు కుట్టి బతికేది. మా నాయనమ్మా ఆమె రోజూ పోట్లాడుకునేవాళ్ళు, రోజూ పాన్ పంచుకునేవాళ్ళు.

వాళ్ళిద్దరి మధ్య ఒక సంగతుంది. అది సందులో అందరికీ తెలుసు. మా బాపు తమ్ముడు, అంటే మా చిన్నాయన పుట్టినప్పుడు నాయనమ్మకు విషజ్వరం తగిలి పాలు ఎండిపోయాయట. ఇంటి నిండా బర్రె పాలు. అవి పసిగుడ్డుకు అరగలేదు. అప్పుడు ఖాలా ఒళ్ళో కూడా చంటిబిడ్డ ఉందట. ఏడుపు విని ఆమె సందు దాటి వచ్చి, ఎవరినీ అడక్కుండా చిన్నాయనను ఎత్తుకుని రొమ్ముకు పెట్టుకుందట. ఆమె కన్న బిడ్డ తర్వాత బతకలేదు. చిన్నాయన బతికాడు. అప్పటి నుంచీ ఆమెకు అతను దూద్ కా బేటా, పాలిచ్చిన కొడుకు. అతనికి ఆమె అమ్మీ. మా ఇంట్లో బర్రె ఈనితే మొదటి జున్ను గిన్నె ఖాలాకు పోయేది. రంజాన్ నాడు మొదటి షీర్‌ఖుర్మా గిన్నె చిన్నాయనకు వచ్చేది. నేను దాన్లో ఖర్జూరం ముక్కలు ఏరుకునేదాన్ని.

చిన్నాయనకు బర్రెల పని ఒంటబట్టలేదు. పది దాకా చదివాడు. ఎవర్నో పట్టుకుని, రోడ్లు కొలిచే సర్కారు పనిలో రోజు కూలికి కుదిరాడు. ఆ మాటను మా ఇంటికి తెచ్చింది అతనే. మొదటి రోజు పని నుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా, "థియోడొలైట్" అన్నాడు. మేం పిల్లలం నోరు తిరగక నవ్వితే, పట్టుబట్టి ఒక్కొక్కరి చేతా అనిపించాడు. నాకు ముందుగా వచ్చింది. దానికి బహుమతిగా ఒకనాడు తన వెంట తీసుకుపోయి, మధ్యాహ్నం పూట ఓవర్సీరు సాబు లేనప్పుడు ఆ యంత్రంలో కన్ను పెట్టి చూడనిచ్చాడు. దాంట్లో లోకం తలకిందులుగా ఉంది. ఒక ఇడ్లీబండి, బండివాడు, పైన ఆకాశం ఉండాల్సిన చోట నేల, అన్నీ ఉల్టాగా వేలాడుతున్నాయి. బండివాడు పడిపోతాడని నేను కేక పెట్టాను.

ఈ సంగతి నేను ఇంటికొచ్చి చెప్పడంతో సందంతా పాకింది. ఆడవాళ్ళను కూడా ఉల్టాగానే చూస్తారా అని ఒకరినొకరు గుసగుసగా అడుక్కున్నారు. నాయనమ్మ మాత్రం ఆ మాటను ఒక్కసారి కూడా పలకలేదు. దాన్ని "మూడు కాళ్ళది" అనేది, పక్కింటి కోడలిని అన్నట్టు.

"గంత పెద్ద నౌకరి ఏంది నీది?" అని ఒకనాడు బువ్వ తినేటప్పుడు బాపు ఆటపట్టించాడు. అప్పట్లో అన్నదమ్ములు ఒకే తాంబాళంలో కలిసి తినేవాళ్ళు.

"కట్టె వట్టుకునుడన్నా. ఎర్ర తెల్ల పట్టీలది. ఓవర్సీర్ సాబ్ దూరంకెళ్ళి అద్దంల జూస్తడు. ఆయిన చెయ్యి ఇటంటే ఇటు, అటంటే అటు. సరే అన్నంక కట్టె కింద మేకు కొట్టాలె."

"కట్టె వట్టుకోనీకి గూడ సదువు గావాల్నా?"

"నిటారుగ వట్టాలెనే. కట్టె జర ఒంగిందనుకో, అద్దంల మీది కొస సక్కగనే కనవడ్తది. కింద మేకు మాత్రం మూరెడు ఆవల పడ్తది. గప్పుడు రోడ్డు పొయ్యి ఎవరింట్లనో దూరుతది."

బాపు పగలబడి నవ్వాడు. అందరం నవ్వాం.

కొన్నాళ్ళకు ఆ యంత్రం మా సందుకే వచ్చింది. మా సందును వెడల్పు చేసి పెద్ద రోడ్డులో కలుపుతారట. సందు మా ఇంటి దగ్గర వంపు తిరుగుతుంది. రోడ్డు తిన్నగా పోవాలంటే ఆ వంపులో ఒకరి గోడ తగ్గాలి. ఇటు మా కొట్టం, అటు ఖాలా గది. ఎవరిది పోతుందో గీత గీస్తేగానీ తెలియదన్నారు. కొట్టం పోతే బర్రెలను కట్టడానికి మాకు జానెడు చోటు లేదు. శహర్లో బర్రెలకు కిరాయికి చోటిచ్చేవాడు లేడు. బర్రెలు లేకపోతే బాపుకు ఇంకో పని రాదు. ఇది ఎవరూ నాకు కూర్చోబెట్టి చెప్పలేదు. బాపు తాంబాళంలో బువ్వ మిగలడం చూసి తెలుసుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా చుక్కబర్రె ఈనింది. నుదుటి మీద తెల్లచుక్క ఉన్న బర్రె, మా ఇంటికి పెట్టుబడంతా అదే. ఈనిన బర్రెను పురుడు దాటేదాకా పరాయి కళ్ళు చూడకూడదని మాలో కట్టుబాటు. కొట్టానికి అడ్డంగా పాత దుప్పటి కట్టి, వేపమండలు కుచ్చేవాళ్ళం. పాలు కొనేవాళ్ళు కూడా ఆ రోజుల్లో సందులోనే నిలబడాలి. అలాంటిది, ఓవర్సీరు సాబు తన యంత్రాన్ని తెచ్చి కొట్టం వైపు తిప్పి నిలబెట్టాడు. ఆ సాయంత్రం బర్రె పాలు చేపలేదు. దూడ పొదుగు కుమ్మినా చుక్క దిగలేదు. బాపు కింద కూర్చుంటే తన్నింది.

"ఆ ఒంటికన్ను దిష్టి దాని మీద వడ్డది" అంది నాయనమ్మ.

మర్నాడు మధ్యాహ్నం సాబూ మిగిలిన పనివాళ్ళూ చాయ్ తాగడానికి పోయారు. యంత్రానికి కాపలా చిన్నాయన. దాహమేసి మా ఇంట్లోకే వచ్చి కుండలోని నీళ్ళు ముంచుకుంటున్నాడు. ఆ కాస్త సేపట్లో నాయనమ్మ, దూడ నుదుటికి పెట్టడానికి ఆముదంతో పట్టిన కాటుక బరిణె తీసుకుని బయటికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఆమె ఆ యంత్రం ముందు నిలబడి, చంటిపిల్లకు పెట్టినంత శ్రద్ధగా, దాని అద్దం మధ్యలో పెద్ద దిష్టిచుక్క పెట్టింది. తర్వాత రెండు చేతులూ కణతలకు ఆనించి మెటికలు విరిచింది. దిష్టి తగలకుండా పిల్లకు చుక్క పెడతారు. దిష్టి పెట్టే కంటికే చుక్క పెట్టాలనే ఆలోచన మా నాయనమ్మకు తప్ప ఎవరికీ రాదు.

చిన్నాయన వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. తువ్వాలుతో తుడిచాడు. ఆముదం కాటుక తుడిస్తే పోతుందా, అద్దమంతా పులుముకుంది. సాబు తిరిగొచ్చాక ఆ సందు అంతవరకు వినని తిట్లు విన్నది. యంత్రాన్ని పెట్టెలో పెట్టి ఆఫీసుకు తీసుకుపోయారు. చిన్నాయనతో, ఇంకొక్క తప్పు జరిగితే పనిలోకి రావద్దన్నారు.

పని ఆగిపోయింది. నాయనమ్మ రోడ్డును ఆపేసిందని సందంతా సంబరం. ఆమె ముసలి మొహం వెలిగిపోయింది. ఖాలా పాన్ చుట్టి తెచ్చి, "క్యా చాచీ, సర్కార్ కూ కాజల్ లగా దియే" అని నవ్వింది, సర్కారుకే కాటుక పెట్టేశావని. ఆ సాయంత్రం బర్రె కూడా పాలు చేపింది. నాయనమ్మ మమ్మల్నందర్నీ వరసగా చూసి, జున్ను గిన్నెల్లో వడ్డించింది. ఏలకులు, మిరియం, బెల్లం వేసిన ఆ జున్ను రుచి నాకింకా నాలుక మీదుంది. మా ఇంట్లో అందరం కలిసి తిన్న ఆఖరి జున్ను అదే.

బాపు మాత్రం నవ్వలేదు. తెలిసినవాళ్ళ వెంట ఆఫీసుకు పోయి, అక్కడి రోడ్డు నక్షా చూసిన మనిషిని పట్టుకుని అడిగి వచ్చాడు. గీత మా కొట్టం గోడకు మూరెడు లోపల నుంచి పోతుందట, గోడ పడితే కప్పూ పడుతుంది. వచ్చి కొట్టంలో గడ్డి మీద కూర్చున్నాడు. అమ్మ చాయ్ తెచ్చిస్తే అది చల్లారి మీగడ కట్టేదాకా చూస్తూ ఉన్నాడు. మా బాపు అంత పెద్ద మనిషి, దున్నపోతును కొమ్ములు పట్టి ఆపే మనిషి, ఆ గ్లాసు వైపు చూస్తూ ఏడవడం నేను చూశాను. చూసి, చూడనట్టు దూడ దగ్గరికి పోయాను.

యంత్రం బాగై మర్నాడు వస్తుందనగా, సాయంత్రం పాలు పిండేటప్పుడు బాపు చిన్నాయనను కొట్టంలోకి పిలిచాడు. నేను దూడ తాడు పట్టుకుని ఉన్నాను. నాయనమ్మ పిడకలకు పేడ కలుపుతోంది.

"రేపు కట్టె నువ్వే వడ్తవా?" అన్నాడు బాపు.

"నేనే వడ్త."

"నువ్వే అన్నవు గద, జర ఒంగితే మూరెడు జరుగుతదని. మూరెడే తమ్మీ. గోడ నిలవడ్తది."

పాల చప్పుడే వినిపిస్తోంది.

"అటు దిక్కు అమ్మీ గోడ ఉన్నదన్నా" అన్నాడు చిన్నాయన చివరికి.

"ఆమె ఒక్క పానం. ఏడన్న ఇంకో అర్ర దొర్కుతది. గీ బర్రెలకు ఏడ దొర్కుతది? నా పిల్లలకు ఏం బెట్టాలె? నేనేం దొంగతనం జెయ్యమంటలేను. గడ్డి బండి ఆడ దించుత. కట్టె కింద ఏమున్నదో సాబుకు కానరాదు."

"నౌకరి పోతది."

"పోనీ. కొట్టం ఉంటే ఇద్దరం బత్కుతం." బాపు బకెట్టు పక్కన పెట్టి లేచాడు. "నీ కాళ్ళు మొక్కాల్నా? మొక్కుత."

చిన్నాయన నాయనమ్మ వైపు తిరిగాడు. "నువ్వు జెప్పవే అమ్మా."

"నేను గన్న. ఆమె పాలిచ్చింది" అంది నాయనమ్మ. "నన్ను అడుగకుర్రి. నన్నెవ్వరు అడుగకుర్రి." పేడ చేతులతోనే మొహం కప్పుకుంది.

చిన్నాయన సరేననలేదు, కాదనలేదు. బయటికి వచ్చేసరికి పరదా పక్కకు తీసి ఖాలా నిలబడి ఉంది. ఆమెకు ఈ మాటలేవీ తెలియవు. అందర్లాగే ఆమెకూ భయం. "మేరా కమ్రా బచ్తా నా బేటా?" అని అడిగింది. తన గది నిలుస్తుందా అని. అతను తల ఊపాడు. ఆ తల ఊపడానికి అర్థమేమిటో ఆమెకూ తెలియలేదు, అతనికీ తెలియదు. ఆ రోజు అతను బువ్వ తినలేదు.

పొద్దున్నే బాపు గడ్డి బండిని వంపు దగ్గర దింపించాడు. ఎడ్లను విప్పి, బండి మాత్రం అక్కడే ఉంచాడు. సాబు సందు మొదట్లో యంత్రం పెట్టి, కన్ను ఆనించి, బండి తీయమని ఒకసారి అరిచాడు. ఇరుసు విరిగిందని బాపు చేతులు జోడించాడు. సాబు విసుక్కుని, సరే కానిమ్మన్నాడు. సందు జనమంతా గోడల వెంట నిలబడ్డారు. ఎవరి గోడకు వాళ్ళు చేయి ఆనించి నిలబడ్డారు, గోడ పారిపోతుందన్నట్టు.

నేను బండి పక్కనే ఉన్నాను. చిన్నాయన చేతిలో ఎర్ర తెల్ల పట్టీల కట్టె. సాబు చేయి ఇటు ఊపాడు, అటు ఊపాడు. చిన్నాయన కట్టె కొస సాబు చెప్పినట్టే జరిపాడు. కాలితో కింది కొసను మెల్లగా నెట్టాడు. ఇంకొంచెం నెట్టాడు. కట్టె కింది కొస ఖాలా గడప వైపు జరిగింది. సాబు చేయి పైకెత్తి సరే అన్నాడు. మేకు కొట్టేవాడు సుత్తితో ముందుకొచ్చాడు.

బాపు కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళ కింద మొహం మెత్తబడింది. అన్ని రోజుల తర్వాత ఆయన మొహంలో మా బాపు కనిపించాడు. నాకు సంతోషంతో గంతులేయాలనిపించింది. ఖాలా సంగతి నాకా నిమిషంలో గుర్తు కూడా రాలేదు. మాది నిలిచింది, అంతే.

అప్పుడు చిన్నాయన గొంతు వినిపించింది. "సార్, కట్టె ఒంగింది. ఇంకొక్కసారి చూడుర్రి."

కట్టె నిటారుగా పెట్టాడు. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. సాబు మళ్ళీ చూసి, చేయి మా వైపు ఊపాడు. ఇంకా ఊపాడు. మేకు మా కొట్టంలో, చుక్కబర్రె మేత తొట్టి పక్కన దిగింది. బాపు కళ్ళు తెరిచాడు. బండి దగ్గరికి వచ్చి కాడి తన భుజానికే ఎత్తుకుని, బండిని లాక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మ ఎప్పట్లాగే ఒకే తాంబాళం పెట్టింది. చిన్నాయన వచ్చి కూర్చున్నాడు. బాపు లేచాడు. తర్వాతి పూటా అంతే. మూడో పూట చిన్నాయన కూర్చోకుండా, గోడకున్న తన అంగీ తీసుకుని పోయాడు. ఫలక్‌నుమాలో ఎవరితోనో కలిసి అర్ర తీసుకున్నాడని తర్వాత తెలిసింది. ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు.

కూల్చేవాళ్ళు వచ్చేదాకా ఆగితే బర్రెలను అడిగేవాడుండడని బేరగాళ్ళు బాపును బెదరగొట్టారు. వచ్చినకాడికి అన్నిటినీ అమ్మేశాడు. చుక్కబర్రెను దూడతో సహా బహదూర్‌పురా వైపు ఒకతను తోలుకుపోయాడు. రెండోనాడు పొద్దుగూకే వేళకు అది తాడు ఈడ్చుకుంటూ, అంత ఊరూ దాటి, ఒంటరిగా మా సందులోకి వచ్చి కొట్టంలో తన చోట నిలబడింది. పొదుగు నిండి పాలు కారిపోతున్నాయి. అమ్మ చెంబు తెస్తే బాపు వద్దన్నాడు. అమ్మిన బర్రె పాలు మనవి కావన్నాడు. దాని మెడ మీద చేయి వేసి, తనే నడిపించుకుంటూ తిరిగి అప్పజెప్పడానికి తీసుకుపోయాడు. ఆయన వచ్చేదాకా నేను ఖాళీ కొట్టంలో కూర్చున్నాను. అంతవరకు లేని వాసన ఒకటి వచ్చింది. పేడ ఎండిన వాసన.

రోడ్డు రాలేదు. ఆ ఏడు రాలేదు, తర్వాతా రాలేదు. ఆఫీసులో ఎవరో మారారనీ, రోడ్డును ఇంకో వైపు నుంచి తీసుకుపోయారనీ అన్నారు. ఎవరూ వచ్చి మాకు చెప్పలేదు. మేకు మాత్రం అక్కడే ఉండిపోయింది. పిల్లలు దానికి మేకపిల్లను కట్టేసేవాళ్ళు. బాపు సర్కారు పాల బూత్ దగ్గర డబ్బాలు దించే పనికి కుదిరాడు. తెల్లవారుతూనే లేచేవాడు, అలవాటు కదా. లేచి కొట్టం వైపు రెండడుగులు వేసి, ఆగి, చెప్పులు తొడుక్కునేవాడు.

చిన్నాయన నౌకరీ పర్మనెంటు అయింది. శుక్రవారం శుక్రవారం ఖాలా దగ్గరికి వచ్చేవాడు. పరదా వెనక కూర్చుంటే మా గడప కనిపిస్తుంది. అతను వచ్చినట్టు తెలిస్తే బాపు సైకిలు సందు చివర నుంచే తిప్పేసేవాడు. నాయనమ్మ మంచంలో పడి, ఒక్కసారి మాట్లాడుకోండని ఇద్దరినీ బతిమాలింది. ఆమెను మోసుకుపోయేటప్పుడు కూడా పాడె ముందు ఒకరు, వెనక ఒకరు నడిచారు.

ఖాలా పోయిన రోజు, నాకప్పటికి పెళ్ళై పిల్లలున్నారు, చిన్నాయన జనాజాకు భుజం ఇచ్చి వచ్చి ఆమె గది ముందు కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. పక్కన కూర్చుని, అన్నేళ్ళు అడగాలనుకున్నది అడిగాను.

"కట్టె ఒంచినవు గద చిన్నాయినా. సాబు సరే గూడ అన్నడు. మళ్ళెందుకు పిలిచినవ్?"

అతను అరచేతులు చూసుకున్నాడు.

"నువ్వు మేకు దిక్కు జూస్తున్నవు. నేను ఆమె దిక్కు జూసిన. కట్టె వాల్చుడు ఆమెకు కనవడ్డది బిడ్డా. ఒక్క మాట అనలే. శాపం బెట్టలే. అంతమంది మొగోళ్ళ ముంగట మొకం మీద కొంగు లేకుండ నిలవడి, గోనెపట్ట తాళ్ళు ఇప్పుతున్నది. మడత వెడుతున్నది. ఇగ పోవుడే అన్నట్టు." వెనక్కి తిరిగి ఆమె తలుపు చూశాడు. "తిట్టినా అయిపోతుండె. తిడితే ఒంచి వట్టుకునేటోన్ని."

ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు ఆలోచించానో. రోడ్డే రానప్పుడు మేకు ఎటు దిగితేనేం. ఖాలా వైపు దిగినా ఆమె గది అలాగే నిలిచేది. మా బర్రెలు మాకుండేవి. అన్నదమ్ములు ఒకే తాంబాళంలో తినేవాళ్ళు. చిన్నాయన నిజాయితీ వల్ల ఎవరి గోడా నిలవలేదు, ఎవరి గోడా కూలలేదు, మా ఇల్లొక్కటే కూలింది. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. బాపు మీద తెచ్చుకుందామనుకున్నాను, గడ్డి బండిని లాక్కుపోయిన ఆ భుజాలు గుర్తొచ్చి అదీ రాలేదు. ఎవరి మీదా రాని కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకీ వయసుకీ తెలియదు.

బాపు పోయిన రోజు పొద్దున చిన్నాయనకు కబురు పంపాను. అమ్మకు చెప్పకుండానే పంపాను. బాపును చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టాం. చుట్టాలంతా లోపల ఉన్నారు. చిన్నాయన వచ్చి, చెప్పులు సందులోనే విడిచి, బయటే నిలబడిపోయాడు. తను పుట్టిన ఇంటి గడప దాటకుండా, పెద్దగా కూడా కాదు, మెల్లగా అడిగాడు.

"వదినా, లోపటికి రావొచ్చునా?"

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ అలవాటు కొద్దీ, ఏం చెప్పమంటావన్నట్టు, చాప మీదున్న బాపు వైపు చూసింది.